టీనేజ్ పిల్లలకు కొత్త కారు ఇవ్వొచ్చు, 250 హార్స్‌పవర్ మాత్రం ఇప్పుడే వద్దు

అడిగిన విషయం ఇది: అబ్బాయికి లైసెన్స్ వచ్చి నెల కూడా కాలేదు, కారు కొనిద్దామనుకుంటున్నారు. వాడికి 250 హార్స్‌పవర్ టర్బో ఎస్‌యూవీ నచ్చింది. ఇంజన్ పెద్దదైతే బండీ గట్టిగా ఉంటుంది కదా, కొనేయొచ్చా అని.

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. కొత్త కారు కొనొచ్చా అంటే, వీలుంటే కొత్తదే కొనండి. పవర్ ఎక్కువున్న కారు కొనొచ్చా అంటే, మొదటి రెండేళ్లు వద్దు. వీటిని విడదీయకపోవడం వల్లే చాలా ఇళ్లలో రెండు తప్పుల్లో ఏదో ఒకటి జరుగుతుంది. అడిగిన బండి చేతిలో పెట్టేస్తారు, లేదంటే "కొత్తలో గీతలు పడతాయిలే" అని ఇంట్లో మూలనపడ్డ పాతికేళ్ల నాటి చిన్న కారు తాళం ఇస్తారు. ఆ రెండోది కూడా క్షేమం కాదు. తడి రోడ్డు మీద బండి జారినప్పుడు పట్టి నిలబెట్టే ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) అందులో ఉండదు, పక్క ఎయిర్‌బ్యాగులు ఉండవు. ఎక్కువ తప్పులు చేసే మనిషికి తక్కువ రక్షణ ఉన్న బండి ఇచ్చినట్టవుతుంది.

ఈఎస్‌సీ ఏం చేస్తుందో తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. స్టీరింగ్ ఎటు తిప్పారు, బండి నిజంగా ఎటు తిరుగుతోంది అన్నది సెన్సర్లు నిరంతరం పోల్చి చూస్తుంటాయి. రెండూ కలవకపోతే కంప్యూటర్ అవసరమైన చక్రానికి మాత్రమే విడిగా బ్రేక్ వేసి, ఇంజన్ పవర్ తగ్గించి, బండిని దారిలోకి తెస్తుంది. నాలుగు చక్రాలకు విడివిడిగా బ్రేక్ వేయడం ఎంత చెయ్యి తిరిగిన డ్రైవర్‌కైనా సాధ్యం కాదు, ఎందుకంటే ఉన్నది ఒకటే పెడల్. 1995లో విడిభాగాల సంస్థ బాష్, కార్ల సంస్థ మెర్సిడెస్ కలిసి దీన్ని మార్కెట్లోకి తెచ్చాయి. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. అందుకే పాత కారే తీసుకోవాల్సి వచ్చినా ఈఎస్‌సీ లేనిది తీసుకోకండి. కొనే ముందు ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు డాష్‌బోర్డులో జారుతున్న కారు బొమ్మ వెలిగి ఆరుతోందా చూడండి. అసలు వెలగకపోతే ఆ సిస్టమ్ లేకపోయి ఉండొచ్చు, లేదా బల్బు తీసేసి ఉండొచ్చు. వెలిగి ఆరకపోతే సిస్టమ్ పనిచేయడం లేదు.

ఇక "ఇంజన్ పెద్దదైతే బండి గట్టిది" అన్న నమ్మకం సంగతి. ప్రమాదంలో కాపాడేది మనుషులు కూర్చునే గది చుట్టూ ఉన్న ఉక్కు చట్రం, సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగులు. ఒకే మోడల్‌లో చిన్న ఇంజనూ పెద్ద ఇంజనూ ఉంటే, చట్రం సాధారణంగా రెండింటికీ ఒకటే. కాబట్టి క్రాష్ టెస్టులో మంచి రేటింగ్ వచ్చిన మధ్యరకం కారులో చిన్న ఇంజన్ రకం ఎంచుకోండి. నా లెక్కలో తొలి కారుకి టన్ను బరువుకు 100 హార్స్‌పవర్ దాటకూడదు. 1,300 కిలోల బండికి 110, 120 హార్స్‌పవర్ ధారాళంగా సరిపోతుంది. అలాగని మరీ చిన్న, తేలిక కారు కూడా వద్దు. బరువైన బండితో ఢీకొన్నప్పుడు దెబ్బ ఎక్కువగా తేలిక బండిలో ఉన్నవాళ్లకే తగులుతుంది.

పవర్ వల్ల అసలు ఏం చెడుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "నెమ్మదిగానే నడుపుతాలే" అని పిల్లలు అనేది మనస్ఫూర్తిగానే అంటారు. సున్నా నుంచి 100 కిలోమీటర్ల స్పీడుకు 12 సెకన్లు పట్టే కారు ఒకటి, 5 సెకన్లు పట్టేది ఒకటి అనుకుందాం. రెండూ 40లో వెళ్తున్నాయి. కాలు పొరపాటున 2 సెకన్లు ఎక్కువ తొక్కింది. సగటు లెక్కన మొదటిది 57 దగ్గర ఉంటుంది, రెండోది 80కి చేరుతుంది. తప్పు ఒకటే, కానీ గుద్దుకుంటే విడుదలయ్యే శక్తి రెండో బండిలో దాదాపు రెట్టింపు. స్పీడు పెరిగిన కొద్దీ శక్తి దాని వర్గంలో (స్పీడు రెట్టింపైతే శక్తి నాలుగింతలు) పెరుగుతుంది మరి.

ఆగే దూరం కూడా చూడండి. కళ్లు ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేక్ మీదికి వచ్చేసరికి ఒకటిన్నర సెకను పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే 60లో ఉన్న బండి మొత్తం 45 మీటర్లలో ఆగుతుంది, 80లో ఉన్నది 69 మీటర్లలో, 100లో ఉన్నది 97 మీటర్లలో. ఇందులో పిల్లలకు తప్పకుండా చూపించాల్సిన లెక్క ఇంకొకటి ఉంది: 60లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన చోట, 80లో వచ్చిన బండి ఇంకా 65 స్పీడులో పరుగెడుతూ ఉంటుంది. "ఇరవయ్యే కదా ఎక్కువ" అనుకునేవాళ్లు కాగితం మీద ఈ ఒక్క లెక్క వేసి చూస్తే చాలు.

మలుపుల్లో పవర్ ఇంకా మోసం చేస్తుంది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో పొడి రోడ్డు మీద టైరు పట్టు సుమారు 70 స్పీడు దాకానే, వాన పడితే 55. ఈ హద్దును ఈఎస్‌సీ పెంచలేదు. ఉన్న పట్టును సరిగ్గా పంచుతుంది, అంతే. మామూలు కారులో రెండు మలుపుల మధ్య చిన్న తిన్నని దారిలో 80 అందుకోవడమే కష్టం. పవర్ ఉన్న కారులో గమనించేలోపే అందుకుంటుంది, మలుపు మొదలయ్యాక తెలుస్తుంది. అప్పుడు అనుభవం లేనివాళ్లు చేసే పని ఒకటే, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు ఠక్కున తీసేయడం. బరువు ఒక్కసారిగా ముందుకు వాలుతుంది, వెనక టైర్లు తేలికపడి బండి వెనక భాగం బయటికి జారుతుంది. వెనక చక్రాలకు పవర్ వెళ్లే బండి అయితే తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా జారుతుంది. టర్బో ఇంజన్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు (కింది ఆర్‌పీఎమ్‌లో) పికప్ మందకొడిగా ఉండి, ఓ స్థాయి దాటగానే ఒక్కసారిగా ఎగదన్నుతుంది. బండి కదలట్లేదని కాలు ఇంకా లోపలికి నొక్కిన క్షణంలోనే ఆ ఊపు వస్తుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం ఓవర్‌టేకింగ్ దగ్గర. రెండు లేన్ల రోడ్డు మీద 60లో పోతున్న లారీని దాటడానికి మామూలు కారుకు 8 సెకన్లు పడుతుందనుకోండి. ఆ 8 సెకన్లలో మీ బండి 165 మీటర్లు, ఎదురుగా 80లో వచ్చే బండి 178 మీటర్లు కదులుతాయి. అంటే దాదాపు 350 మీటర్ల ఖాళీ కావాలి, దానిపైన మిగులు ఉండాలి. పవర్ ఉన్న బండికి సమయం తక్కువ పడుతుంది, నిజమే. కానీ నడిపేవాళ్లు ఆ మిగులును దాచుకోరు, అంతకుముందు వదిలేసే ఇరుకు ఖాళీల్లోకి దూరడం మొదలుపెడతారు. ఎదుటి బండి స్పీడు అంచనా వేయడానికి కంటికి వేల కిలోమీటర్ల అలవాటు కావాలి. దాన్ని ఏ ఇంజనూ ఇవ్వలేదు.

ఎలక్ట్రిక్ కారైతే ఫరవాలేదా అని కూడా అడుగుతుంటారు. దానిలో మరింత జాగ్రత్త కావాలి. మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది, ఇంజన్ మోత లేదు కాబట్టి స్పీడు చెవికి తెలియదు, బ్యాటరీ వల్ల బరువు ఎక్కువ. పైగా కాలు ఎత్తగానే బండి దానంతటదే నెమ్మదించే సింగిల్ పెడల్ పద్ధతికి అలవాటు పడితే, కాలు బ్రేక్ మీదికి వెళ్లే అలవాటు బలపడదు. కంగారులో కాలి కింద ఉన్న యాక్సిలరేటర్ పెడల్‌నే గట్టిగా తొక్కేస్తారు. మొదటి ఆరు నెలలు ఆ సెట్టింగును తక్కువలో పెట్టి, ప్రతి ఆగడమూ బ్రేక్ పెడల్‌తోనే చేయించండి. ఆటోమేటిక్ గేర్ కార్లలోనూ ఇదే నియమం: రెండు పెడల్స్‌కీ కుడికాలే, మడమ బ్రేక్‌కి ఎదురుగా నేల మీద ఆని ఉండాలి.

కారు ఏదైనా, రోడ్డెక్కే ముందు ఖాళీ మైదానంలో నాలుగైదు గంటలు కేటాయించండి. ముందు కూర్చోవడం సరిచేయండి. స్టీరింగ్‌కూ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పై అంచుకు తగలాలి. బ్రేక్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. హెడ్‌రెస్ట్ పై అంచు నడినెత్తి ఎత్తుకు రావాలి. సగం పడుకుని ఒంటిచేత్తో నడిపే భంగిమలో గట్టి బ్రేక్ వేయడం జరగని పని.

తర్వాత గట్టి బ్రేక్. 30లో, 40లో, 50లో, ఒక్కో స్పీడులో ఐదేసి సార్లు పూర్తి బలంతో తొక్కించండి. గట్టి బ్రేక్‌లో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసినప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, గరగర మంటుంది. మొదటిసారి అది తగలగానే ఏదో విరిగిందని భయపడి కాలు ఎత్తేస్తారు, సరిగ్గా ఎత్తకూడని క్షణంలో. ఆ కుదుపు ఖాళీ చోట కాలికి పరిచయమైపోవాలి. బ్రేక్ అలాగే పట్టి స్టీరింగ్ తిప్పి ఒక డబ్బాను తప్పించడం కూడా చేయించండి. ఏబీఎస్ ఉన్నదే అందుకు, బ్రేక్ వేస్తూ కూడా బండి తిరగడానికి.

రోడ్డు అంచు దిగడం గురించి డ్రైవింగ్ స్కూళ్లలో చెప్పడం అరుదు, చావులు మాత్రం దానివల్ల చాలా ఉన్నాయి. ఒక పక్క చక్రాలు తారు దిగి మట్టిలో పడగానే భయంతో స్టీరింగ్‌ను ఒక్కసారిగా లాగుతారు. టైరు తారు అంచుకు రాసుకుంటూ ఇరుక్కుంటుంది, ఎక్కగానే బండి అడ్డంగా తిరిగి ఎదురు లేన్లోకి దూసుకుపోతుంది. చేయాల్సింది వేరు. స్టీరింగ్ తిన్నగా గట్టిగా పట్టుకోవాలి, బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. స్పీడు 30, 40కి తగ్గాక, వెనక చూసుకుని, కొద్దికొద్దిగా తిప్పుతూ పైకి ఎక్కాలి. దీన్ని తక్కువ స్పీడులో, మెత్తటి అంచు ఉన్న నిర్మానుష్యమైన దారిలో సాధన చేయించొచ్చు.

పక్కన మీరు కూర్చుని కనీసం 50 గంటలు నడిపించండి, అందులో 10 గంటలు రాత్రిపూట, కొన్ని గంటలు వానలో ఉండాలి. ఒంటరిగా నడపడం మొదలైన తొలి నెలలే అత్యంత ప్రమాదకరం. తోటి వయసు స్నేహితులు ఎక్కేకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. న్యూజిలాండ్ 1987లోనే కొత్త డ్రైవర్లకు రాత్రి నడపడం మీద, వెంట మనుషుల్ని ఎక్కించుకోవడం మీద ఆంక్షలతో దశలవారీ లైసెన్స్ పెట్టింది. తర్వాత చాలా చోట్ల అదే బాట పట్టారు. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా ఇంట్లో పెట్టుకోవచ్చు: మొదటి ఆరు నెలలు రాత్రి తొమ్మిది తర్వాత ఒంటరిగా వద్దు, స్నేహితుల్లో ఒక్కరికి మించి వద్దు, వెనక సీటు వాళ్లూ బెల్టు పెట్టుకున్నాకే బండి కదలాలి. ఫోన్ డిక్కీలోనో గ్లవ్ బాక్సులోనో ఉండాలి. 90 స్పీడులో 5 సెకన్లు స్క్రీన్ చూస్తే 125 మీటర్లు కళ్లు మూసుకుని పోయినట్టే. కారు టచ్‌స్క్రీన్‌కీ ఇదే వర్తిస్తుంది. పాటలూ దారీ బండి కదలక ముందే పెట్టుకోవాలి.

ఈ షరతులు మాటల్లో కాకుండా కాగితం మీద రాసుకోండి, తప్పితే తాళం ఎన్ని రోజులు మీ దగ్గర ఉంటుందో కూడా. కారు మీ పేరు మీదే ఉంచండి. నెలకోసారి టైర్లలో గాలి చూడటం వాడి పని చేయండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో రాసిన అంకె ప్రకారం చూడాలి. టైరు గాడి లోతు 3 మిల్లీమీటర్లకు దిగితే వానలో పట్టు బాగా పడిపోతుంది. చట్టాలు చాలా చోట్ల 1.6 దాకా ఒప్పుకుంటాయి కానీ అంతదాకా ఆగొద్దు.

ఆ ఎస్‌యూవీ ఇప్పటికే బుక్ చేసేసి ఉంటే, అది మీరు నడపండి, మీరిప్పుడు నడిపే కారు వాడికివ్వండి, దానిలో ఈఎస్‌సీ ఉంటే. అది కుదరకపోతే సెట్టింగుల్లో తాళాన్ని బట్టి గరిష్ఠ స్పీడుకు పరిమితి పెట్టే వీలుందేమో చూడండి. ఫోర్డ్ మైకీ, షెవర్లే టీన్ డ్రైవర్ సరిగ్గా ఇందుకోసం వచ్చినవే. బెల్టు పెట్టుకునేదాకా పాటలు మోగనివ్వవు కూడా. ఎకో మోడ్‌లో పెట్టడం కొంత మేలే గానీ దాన్నే నమ్ముకోవద్దు. చాలా బండ్లలో కాలు నేలదాకా నొక్కితే పూర్తి పవర్ వచ్చేస్తుంది. ఈఎస్‌సీ ఆఫ్ బటన్ ముట్టుకోకూడదన్నది రాతపూర్వక షరతుల్లో మొదటిది కావాలి.

పెద్ద బండి ఎప్పుడివ్వాలో తేల్చడానికి నెలల లెక్క ఒక్కటే సరిపోదు. రెండేళ్ల తర్వాత ఒకరోజు పక్క సీట్లో కూర్చుని రెండు గంటలు నడిపించండి, ట్రాఫిక్‌లో, హైవే మీద, చీకటి పడ్డాక. ముందు ఏం జరగబోతోందో పైకి చెబుతూ నడపమనండి: ఆ ఆటో ఆగబోతోంది, ఆ బస్సు వెనకనుంచి ఎవరైనా రోడ్డు దాటొచ్చు, ఈ మలుపుకి ముందే స్పీడు తగ్గిస్తున్నా అని. వాళ్లు చెప్పేది మీరు గమనించినదానికంటే ముందుంటే, ఆ రెండు గంటల్లో మీ కుడికాలు మీకు తెలియకుండా లేని బ్రేక్‌ను ఒక్కసారి కూడా తొక్కకపోతే, తాళం ఇవ్వండి.