టూల్ నేర్పిన రోజే అనుమతి మాట చెప్పు

చిరంజీవి సౌమ్యకు,

వచ్చే సెమిస్టర్ నుంచి బీటెక్ పిల్లలకు సైబర్ చట్టాలు, వృత్తి నైతికత నువ్వే చెబుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉందమ్మా, భయంగానూ ఉంది.

హాజరు, ఇంటర్నల్ మార్కుల సంగతి నీకు చెప్పక్కర్లేదు. పాత నోట్సు మాత్రం ఎవరిచ్చినా సరిచూడకుండా చెప్పకు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఇంకా దాని కింద కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. పోలీసులే మర్చిపోతే నోట్సు మర్చిపోదా? డిజిటల్ సాక్ష్యాన్ని కోర్టు ఎలా ఒప్పుకోవాలో చెప్పే పాత సాక్ష్య చట్టం 65బి కూడా 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ అయింది. అలాంటి సాక్ష్యంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల, అంకెల వరుస, రాయాలి. అందుకే ల్యాబ్‌లో ఒక ఫొటోకు ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో హ్యాష్ తీయించు, ఒక్క పిక్సెల్ మార్చి మళ్లీ తీయించు. రెండు విలువలూ పక్కపక్కన చూస్తే పిల్లలకు ఇక మరుపు రాదు.

నన్ను నిద్రపోనివ్వని తప్పు ఒకటుంది. నెట్‌వర్క్‌ను జల్లెడ పట్టే ఎన్‌మ్యాప్ టూల్, పాస్‌వర్డ్ క్రాకింగ్ మొదటి నెలలోనే నేర్పేస్తారు, చట్టాన్ని అయిదో యూనిట్‌కు తోసేస్తారు. ఈలోగా ఎవడో ఫలితాల పోర్టల్ అడ్రసులో హాల్‌టికెట్ నంబరు మార్చి పక్కవాడి మార్కులు చూస్తాడు. రేపు కాలేజీ సర్వర్‌లోకే దూరతాడు. అడిగితే "ఊరికే చూశాను సార్" అంటాడు. ఐటీ చట్టం 43(ఎ) సెక్షన్‌కి ఆ మాట అడ్డు రాదు తల్లీ. యజమాని అనుమతి లేకుండా ప్రవేశించాడా లేదా అన్నదే అక్కడి ప్రశ్న, తేలితే పరిహారం కట్టాలి. మోసబుద్ధితోనో దురుద్దేశంతోనో చేశాడని తేలితే అదే చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ తేడా తెలియక ఇరవయ్యేళ్ల పిల్లవాడు స్టేషన్ బెంచీ మీద కూర్చోకూడదు.

అందుకని టూల్ నేర్పే గంటలోనే అనుమతి కాగితం రాయించు. ఏ మెషీన్, ఏ ఐపీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏవి చేయకూడదు, ఎవరి సంతకం. "మొత్తం నెట్‌వర్క్" అని రాస్తే తిప్పి పంపు. సంతకం లేనివాడికి సాధన చేసే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్) ఇవ్వకు, ఏడ్చినా సరే. నీది మెత్తటి మనసు, అదే నా బెంగ.

చట్టం ఒప్పుకున్నా చేయకూడనివి ఉంటాయి కదా అని అడిగే పిల్లలుంటారు. వాళ్లకు వేరే గంట కేటాయించు, తొందరపడకు.

ఆ కాగితం నమూనా నాకు పంపు, చూసి పెడతాను. రాత్రుళ్లు మేలుకుని స్లైడ్లు చేయకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న