జర్నలిజం క్లబ్ పెడితే పిల్లలకు చదివే అలవాటు వస్తుందా?

క్లబ్ పెడితే పిల్లలు నిజంగా చదవడం, రాయడం మొదలుపెడతారా, లేక పేరుకే మిగిలిపోతుందా అని అడిగారు. భాషా టీచర్‌గా మా బడిలో గోడపత్రిక నడిపిస్తున్నాను. తప్పకుండా మొదలుపెడతారు. కాకపోతే పత్రిక తరచుగా రావాలి. ఏడాదికోసారి అచ్చేసే సావనీర్‌తో ఏ అలవాటూ పడదు. పదిహేను రోజులకోసారి నాలుగు చార్టులు గోడకెక్కినా చాలు.

అసలు చదువు మొదలయ్యేది రాసింది వెనక్కి వచ్చినప్పుడే. ఏడో తరగతి అమ్మాయి ఒకసారి "మంచినీళ్ల కుళాయి చాలా రోజులుగా పనిచేయడం లేదు, అందరూ ఇబ్బంది పడుతున్నారు" అని రాసి తెచ్చింది. ఎడిటర్‌గా ఉన్న తొమ్మిదో తరగతి పిల్ల పక్కనే పెన్సిల్‌తో రాసింది: ఎప్పటి నుంచి? ఎవరు చెప్పారు? బాగు చేయించాల్సింది ఎవరు? ఆ అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని అటెండర్ దగ్గరికి, అక్కణ్ణుంచి ఆఫీసు రూముకి వెళ్లింది. ఫిర్యాదుల రిజిస్టర్ వరసగా చదివి తేదీ పట్టుకుంది. వార్త చివరికి ఆరు వాక్యాలే, కానీ ప్రతి వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగితే చెప్పగలదు. నాకు కావాల్సిన చదువు అదే.

రెండోది, చదివేవాళ్లు ఉండాలి. టీచర్ ఒక్కరే చూస్తారంటే పిల్లలు మార్కుల కోసం రాస్తారు. ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు 1920ల్లోనే తరగతి గదిలో చిన్న ముద్రణ యంత్రం పెట్టి, పిల్లల రాతలు వాళ్ల చేతే అచ్చు వేయించి, దూరపు బడి పిల్లలతో ఇచ్చిపుచ్చుకునేలా చేశారు. మేమూ ఇంకో బడితో సంచికలు మార్చుకుంటున్నాం. ముఖం తెలియని పిల్లలు చదువుతారనగానే మావాళ్లు ఒత్తులు, దీర్ఘాలు తామే సరిచూసుకుంటున్నారు. ఎర్రసిరా నేను దాదాపు మానేశాను. ఒకరు రాసింది ఇంకొకరు పైకి చదవాలి, నాలుక తడబడిన చోట వాక్యం మార్చాలి. అంతే.

దయచేసి క్లబ్బును ఫస్ట్ ర్యాంకులవాళ్లతో నింపకండి. చదవడానికి జంకే పిల్లలకే ఇది ఎక్కువ అవసరం. అలాంటివాళ్లకు ముందు ఫొటో కింద రెండు లైన్లో, నలుగురిని ఒకే ప్రశ్న అడిగి జవాబులు రాసుకురావడమో అప్పగించండి. పేరు మాత్రం తప్పకుండా వేయండి.

హెడ్‌మాస్టర్‌తో ముందే మాట్లాడుకోండి: బడిలోని లోటుపాట్లు కూడా రాయనివ్వాలి, తప్పు పడితే తర్వాతి సంచికలో సవరణ వేస్తాం అని. ఆ ఒప్పందం కుదిరాకే మొదటి చార్టు అతికించండి.