ఒప్పందాల పనిలోకి దిగుతున్న అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

నిన్న ఫోన్లో చెప్పావు కదా నిన్ను బైలాటరల్ టీమ్‌లో, అంటే రెండు దేశాల మధ్య ఒప్పందాలు చూసే టీమ్‌లో వేశారని, ట్రేడ్, హెల్త్, కల్చర్ మూడూ ఒకే ప్యాకేజీగా చూడాలని. వినగానే చాలా సంతోషం వేసింది, రాత్రి పడుకున్నాక కొంచెం భయం కూడా వేసింది, ఎందుకంటే మూడింటికీ సంతకాలు ఒకే రోజు, ఒకే ఫోటోలో పడతాయి గానీ వాటి స్వభావాలకి మాత్రం ఒకదానికొకటి సంబంధం ఉండదు. ఫోన్లో చెప్తే "సరే పెదనాన్నా" అని వదిలేస్తావు, అందుకే టైప్ చేస్తున్నా. ఒంటి వేలి టైపింగ్, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముప్పై ఏళ్ళు ఈ పని చేసి నేను నేర్చుకున్నదల్లా ఒక్కటే. ఈ కాగితం చివరికి ఎవరి టేబుల్ మీదకి వెళ్తుందో ఆ మనిషిని కళ్ళముందు పెట్టుకుని రాయాలి. మంత్రిగారు సంతకం పెడతారు, ఆయన మళ్ళీ దాని మొహం చూడరు. చూసేది పోర్టులో కస్టమ్స్ ఆఫీసరు, నర్సింగ్ కౌన్సిల్లో అప్లికేషన్లు చూసే క్లర్కు, ఎయిర్‌పోర్టులో వాయిద్యం పెట్టె తెరిపించే ఆవిడ. వాళ్ళకి అర్థం కాకపోతే నువ్వు రాసింది లేనట్టే.

నా మొదటి ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, సంగతి చెప్తా విను. హెల్త్ మీద. "ఉభయ పక్షాలు పరస్పర ప్రయోజనం గల రంగాలలో సహకారాన్ని ప్రోత్సహించుకుంటాయి" అని నేనే డ్రాఫ్ట్ చేశా, ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయా కూడా. రెండేళ్ళ తర్వాత ఒక ఆసుపత్రి వాళ్ళు ట్రైనింగ్ కోసం డాక్టర్లని పంపాలి, ఎవరికి రాయాలి అని అడిగారు. ఫైలు తీసి చూస్తే ఎవరి పేరూ లేదు, ఏ ఆఫీసూ లేదు, టికెట్ ఖర్చు ఎవరిదో లేదు. అవతలివైపు మాతో కూర్చున్న డిపార్ట్‌మెంటే వేరే దాంట్లో కలిసిపోయింది. ఆరు నెలలు ఉత్తరాలు తిరిగాయి, ఆ డాక్టర్లు వెళ్ళనే లేదు. అప్పట్నుంచి ఏ డ్రాఫ్ట్ వచ్చినా నేను ముందు వెతికేది ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా, ఎవరి డబ్బుతో అని. ఈ మూడూ లేకపోతే ప్రియాంబుల్ (ముందుమాట) చదవడం కూడా దండగే.

ట్రేడ్ సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, దెబ్బ తగిలేది అక్కడే కాబట్టి. అందరూ సుంకం ఎంత తగ్గించారు అనే చూస్తారు, పేపర్లో వచ్చేది కూడా అదే. అసలు పట్టు రూల్స్ ఆఫ్ ఆరిజిన్‌లో ఉంటుంది, అంటే ఈ సరుకు నిజంగా ఆ దేశంలోనే తయారైందా లేక ఇంకో దేశం నుంచి తెచ్చి పేరు మార్చి పంపుతున్నారా అని తేల్చే రూల్. ఇండియా శ్రీలంక ఒప్పందం చూడు, 1998 డిసెంబర్లో సంతకం, 2000 మార్చి నుంచి అమలు. అందులో రూల్ ఏంటంటే సరుకు హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో ఒక్కో రకం సరుకుకి ఇచ్చే నంబరు) నాలుగంకెల దగ్గర మారాలి, కనీసం 35 శాతం విలువ అక్కడే కలవాలి. చూడటానికి గట్టి రూలే. కానీ పామాయిల్ కోడ్ 1511, దాన్ని వనస్పతి చేస్తే 1516, నాలుగంకెల్లో మారిపోయింది! పామాయిల్ మీద సుంకం ఇండియాలో ఎక్కువ, శ్రీలంకలో తక్కువ, ఇంకేముంది, బయటి దేశాల పామాయిల్ అక్కడ దిగడం, ఫ్యాక్టరీలో వనస్పతి అవడం, సుంకం లేకుండా ఇక్కడికి వచ్చేయడం. పైగా ఆ ఫ్యాక్టరీలు పెట్టిన వాళ్ళలో ఇండియా వ్యాపారులే చాలామంది. ఇక్కడి వనస్పతి కంపెనీలు గగ్గోలు పెట్టాయి, చివరికి ఏడాదికి ఇంతవరకే అని కోటా పెట్టాల్సి వచ్చింది. ఇందులో దొంగతనం ఏం లేదు, రూల్ ఒప్పుకున్న పనే చేశారు. కాబట్టి సుంకం లిస్టు చేతికి రాగానే ముడిసరుకు మీద ఇక్కడెంత అక్కడెంత అని పక్కపక్కన కాలమ్స్ వేసుకో, తేడా ఎక్కువున్న చోట పెన్సిల్‌తో గీత కొట్టు, గొడవ వస్తే అక్కడే వస్తుంది.

హెచ్‌ఎస్ కోడ్ అన్నా కదా, దాంట్లో ఇంకో తలనొప్పి ఉంది. మొదటి ఆరంకెలు ప్రపంచమంతా ఒకటే, ఆ తర్వాత ఎవరి అంకెలు వాళ్ళవి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ వాళ్ళు ఆ ఆరంకెల్ని కొన్నేళ్ళకోసారి మారుస్తారు, 2012, 2017, 2022 అలా. ఒప్పందం 2012 కోడ్లతో రాసుంటుంది, కౌంటర్ దగ్గర కంప్యూటర్ 2022 కోడ్లు అడుగుతుంది, కాగితం మీద ఒక నంబరు స్క్రీన్ మీద ఒక నంబరు, ఆఫీసరేం చేస్తాడు, పూర్తి సుంకం కట్టమంటాడు. కోడ్లు మారినప్పుడల్లా లిస్టుని ఎవరు, ఎన్ని నెలల్లో మారుస్తారో ఒక క్లాజ్ పెట్టించు.

ఇది నేను కళ్ళారా చూసింది. ఒక కంటైనర్ మూడు వారాలు పోర్టులో ఉండిపోయింది, సరుకులో లోపం లేదు, ఫలానా దేశంలో తయారైందని చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కూడా నిజమైనదే. అక్కడ సంతకం పెట్టే అధికారి మారాడు, కొత్తాయన సంతకం నమూనా ఇవతలి కస్టమ్స్‌కి చేరలేదు. ఆ ఆఫీసర్ని నేను తప్పుపట్టను, పాపం భూతద్దం పెట్టి మరీ చూస్తున్నాడు, ఒక పక్క పాత నమూనా షీటు, ఇంకో పక్క కొత్త సంతకం, ముద్రలో అంచు కూడా కొంచెం వేరే. "సార్ నేను పాస్ చేస్తే రేపు ఆడిట్‌లో నా జీతం కోస్తారు" అన్నాడు. ఆయన మాట నిజమే. సంతకం నమూనాలు ఎలా పంపాలి, డౌట్ వస్తే ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, ఆలోగా గ్యారంటీ తీసుకుని సరుకు వదలొచ్చా, ఈ మూడు ముక్కలు అనెక్స్‌లో (ఒప్పందం వెనక జతచేసే అనుబంధంలో) ఉంటే ఆయనకి నిద్ర పట్టేది, సరుకు గలాయనకీ పట్టేది.

హెల్త్‌కి వస్తే, మందుల విషయం ట్రేడ్ చాప్టర్లో దాక్కుని ఉంటుంది, హెల్త్ వాళ్ళకి ఆ పేజీలు ఎవరూ చూపించరు. నువ్వు చూపించు. పేటెంట్ చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ రక్షణ, డేటా ఎక్స్‌క్లూజివిటీ (మొదటి కంపెనీ పరీక్షల డేటాని కొన్నేళ్ళు వేరేవాళ్ళు ఆధారంగా వాడుకోకూడదనడం) లాంటి మాట ఒక్కటి లోపలికొచ్చిందంటే, అదే మందుని తక్కువ ధరకి వేరే కంపెనీలు చేసే జెనరిక్ ఏళ్ళ తరబడి ఆగిపోగలదు. అదే జాగ్రత్తగా రాస్తే మేలూ జరుగుతుంది, ఇండియా యూఏఈ ఒప్పందం (2022 ఫిబ్రవరిలో సంతకం, మే 1 నుంచి అమలు) మందులకే విడిగా ఒక అనెక్స్ పెట్టింది, చెప్పిన షరతులకి సరిపోయే మందుకి 90 రోజుల్లో రిజిస్ట్రేషన్. 90 అని అంకె వేశారు చూడు, "త్వరితగతిన" అని రాసుంటే దానికి అర్థం ఎవడికి తోచింది వాడు చెప్పేవాడు.

నర్సుల సంగతి మాత్రం జపాన్ నుంచి నేర్చుకో. 2008లో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ఒప్పందాలు అమల్లోకి వచ్చాయి, నర్సులకి తలుపు తెరిచాం అన్నారు, నిజంగానే తెరిచారు. కానీ వెళ్ళినవాళ్ళు మూడేళ్ళలో జపాన్ జాతీయ నర్సింగ్ పరీక్ష జపనీస్‌లోనే పాసవ్వాలి. సొంత దేశంలో అనుభవం ఉన్న నర్సులే వాళ్ళంతా, అయినా 2009 పరీక్షలో ఒక్కరూ పాసవలేదు, 2010లో ముగ్గురంటే ముగ్గురు. మంచాన పడ్డ పేషెంటుకి వీపు మీద పడే పుండ్లు ఏ నర్సుకి తెలియవు చెప్పు, దానికి జపనీస్‌లో రాసే మాట మాత్రం అక్కడివాళ్ళే తడుముకునేంత కష్టం. తర్వాత కష్టమైన అక్షరాల పక్కన ఉచ్చారణ ఇచ్చారు, జబ్బు పేర్లు ఇంగ్లీషులో కూడా పెట్టారు, గడువూ పెంచారు. అదంతా ముందే ఆలోచించాల్సింది. నీ డ్రాఫ్ట్‌లో "అర్హతల గుర్తింపు" అని కనిపిస్తే వెంటనే అడుగు, పరీక్ష ఏ భాషలో, ఫీజు ఎవరు కడతారు, తప్పితే మనిషి ఏమవుతాడు అని. పంపే దేశంలో ఆసుపత్రులు ఖాళీ అవకుండా చూడాలని 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కోడ్ కూడా పెట్టింది, అది దగ్గర ఉంచుకో.

వైరస్ లాంటి వాటి శాంపిల్స్ పంచుకోవడం గురించి క్లాజ్ ఉంటే బదులుగా ఏం వస్తుందో పక్కనే ఉండాలి. 2007లో ఇండోనేషియా బర్డ్ ఫ్లూ శాంపిల్స్ ఇవ్వనంది, మా దగ్గర వైరస్ తీసుకెళ్ళి తయారుచేసిన వ్యాక్సిన్ మళ్ళీ మాకే అందనంత ధరకి అమ్ముతారా అని. ఆ గొడవ నుంచే 2011లో అంతర్జాతీయంగా ఒక ఏర్పాటు వచ్చింది.

కల్చర్ అంటే అందరికీ చులకన. డెలిగేషన్లో చిన్నవాళ్ళకి ఇచ్చేస్తారు, నీకూ అదే ముందు ఇస్తారు చూడు. చిన్నబోకు. దక్షిణ కొరియాలో థియేటర్లు ఏడాదికి 146 రోజులు దేశీయ సినిమాలే ఆడాలని రూల్ ఉండేది, అమెరికాతో ట్రేడ్ చర్చలు మొదలవ్వాలంటే దాన్ని తగ్గించమన్నారు, 2006లో 73కి దించారు. సినిమా వాళ్ళు రోడ్డెక్కారు. అంటే కల్చర్ ఫైలు ట్రేడ్ టేబుల్ మీద బేరంలో పోయిందన్నమాట. మీ టీమ్‌లో మూడు ఫైళ్ళూ ఒకళ్ళ చేతిలోనే ఉండటంలో ఉన్న లాభం ఇదే, ఒకదాన్ని ఇచ్చి ఇంకోటి తీసుకుంటుంటే కనీసం నీకు కనిపిస్తుంది.

చిన్న విషయాలే కల్చర్లో కొంప ముంచేవి. మా ప్రోగ్రాం కింద వెళ్ళిన ఒక పెద్దాయన వయొలిన్ కమాను కొసన గోరంత దంతం ముక్క ఉంది, పాత కమానులకి మామూలే. ఎయిర్‌పోర్టులో ఆపేశారు, ఏనుగు దంతం వ్యాపారం నిషేధం కదా. గోరంత ముక్కకి ఆయన ఆ సాయంత్రం వేరేవాళ్ళ కమానుతో వాయించాడు, మొహంలో ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది నాకు. ఇప్పుడైతే వాయిద్యాలతో తిరిగేవాళ్ళకి సైటిస్ (అంతరించే జంతువులు, మొక్కల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) కింద ప్రత్యేక సర్టిఫికెట్ ఉంది, 2013లో ఒప్పుకున్నారు. ఎగ్జిబిషన్ సామాన్లకి ఏటీఏ కార్నెట్ ఉంటుంది, తాత్కాలికంగా సుంకం లేకుండా తీసుకెళ్ళి తిరిగి తెచ్చేందుకు. మ్యూజియం బొమ్మలైతే ఇన్సూరెన్స్ ఎవరిది, అక్కడ ఎవరైనా కోర్టుకెళ్ళి ఇది మాది అంటే జప్తు కాకుండా హామీ ఉందా, ఇవి అడుగు. మిగతా డాన్సు ట్రూపులు, స్కాలర్‌షిప్పులు వీసా క్లాజ్ సరిగ్గా ఉంటే వాటంతటవే నడుస్తాయి.

భాష దగ్గర మాత్రం ప్రాణం పెట్టాలి అమ్మలూ. 1889లో ఇటలీ, ఇథియోపియా వుచాలే దగ్గర ఒప్పందం చేసుకున్నాయి. 17వ ఆర్టికల్ అమ్హారిక్ (ఇథియోపియా భాష) ప్రతిలో, ఇథియోపియా చక్రవర్తి బయటి దేశాలతో వ్యవహారాలకి ఇటలీ సాయం తీసుకోవచ్చు అని ఉంది. ఇటాలియన్ ప్రతిలో తీసుకోవాల్సిందే అన్న అర్థం వచ్చింది. ఒక్క క్రియాపదం. దాన్ని పట్టుకుని ఇథియోపియా మా రక్షణలో ఉంది అని ఇటలీ ప్రపంచానికి చెప్పేసుకుంది, ఆ చక్రవర్తి రెండో మెనెలిక్ ఒప్పందాన్నే కాదన్నాడు, చివరికి 1896 మార్చి 1న అడ్వా యుద్ధం, ఇటలీ చిత్తుగా ఓడింది. ఒప్పందాల మీద 1969 నాటి వియన్నా కన్వెన్షన్ 33వ ఆర్టికల్ ప్రకారం రెండు భాషల ప్రతులూ సమానమే, తేడా వస్తే ఫలానాది చెల్లుతుంది అని ఒప్పందంలోనే రాసుకుంటే తప్ప. ఆ ఒక్క లైను ఉందో లేదో చూడు. అనువాదం చేసేవాళ్ళని చివరి రోజు రాత్రి పిలవొద్దు, మొదటి రౌండ్ నుంచే పక్కన కూర్చోబెట్టుకో, "చేయవచ్చు", "చేయాలి", "ప్రయత్నించాలి" ఈ మూడు మాటల్ని ప్రతి పేజీలో వాళ్ళతో కలిసి సరిపోల్చు.

ఇంకోటి, మీటింగ్‌లో ఏం మాట్లాడుకున్నామో రాసుకున్న మినిట్సే కదా అని తేలిగ్గా సంతకం పెట్టకు, పెట్టనివ్వకు. 1990 డిసెంబర్లో దోహాలో ఖతార్, బహ్రెయిన్ విదేశాంగ మంత్రులు ఒక మీటింగ్ మినిట్స్ మీద సంతకం పెట్టారు. తర్వాత బహ్రెయిన్ మంత్రి నాకసలు ఒప్పందం చేసుకునే ఉద్దేశమే లేదు అన్నాడు. అంతర్జాతీయ న్యాయస్థానం 1994లో, ఉద్దేశం సంగతి అటుంచండి, అందులో ఒప్పుకున్న మాటలు ఉన్నాయి కాబట్టి అది అంతర్జాతీయ ఒప్పందమే అంది. కట్టుబడక్కర్లేదు అనుకుంటే ఆ మాట కాగితం మీదే రాయించు.

సంతకం రోజు హడావుడిలో కాపీలు తారుమారు చేయకు. మన దగ్గర ఉండే ప్రతిలో మన దేశం పేరు ముందు, వాళ్ళ ప్రతిలో వాళ్ళది ముందు, ఆల్టర్నాట్ అంటారు దీన్ని. మావాడొకడు మార్చి పెట్టేశాడు, ఇద్దరు మంత్రులూ పెన్ను పట్టుకుని కూర్చున్నాక! తర్వాత రాటిఫికేషన్ (ప్రభుత్వం అధికారికంగా ఆమోదించడం), రెండు ప్రభుత్వాలూ అధికారిక లేఖలు మార్చుకోవడం, ఐక్యరాజ్యసమితిలో రిజిస్టర్ చేయించడం, రిజిస్టర్ కాకపోతే ఐక్యరాజ్యసమితి వేదికల ముందు దాన్ని చూపించుకోలేం, ఐక్యరాజ్యసమితి చార్టర్ 102వ ఆర్టికల్. ఇవన్నీ ఫోటో అయ్యాక ఎవరికీ గుర్తుండవు, క్యాలెండర్‌లో వేసుకో.

అవతలి టీమ్‌లో నీలాంటి జూనియర్ ఒకళ్ళు ఉంటారు. వాళ్ళతో టీ తాగు. ఇంకా ఒప్పుకోని మాటల చుట్టూ డ్రాఫ్ట్‌లో పెట్టే బ్రాకెట్లు ఉంటాయి కదా, పెద్దవాళ్ళు తేల్చలేనివి సగం అక్కడే తీసేస్తారు.

వచ్చే వారమే ఫస్ట్ రౌండ్ అన్నావు కదా, అనెక్సులు ప్రింట్ తీసుకుని చదువు, స్క్రీన్ మీద ఫుట్‌నోట్లు ఎగిరిపోతాయి, మినహాయింపులన్నీ వాటిల్లోనే కూర్చుని ఉంటాయి. డ్రాఫ్ట్ మాత్రం నాకు పంపకు, రిటైరైనవాడికి పంపకూడదు, నేను అడిగినా పంపకు. మీ పెద్దమ్మ నా భుజం మీంచి ఇదంతా చదివి, ఈయన అడక్కుండా ఉంటాడా అంటోంది.

పెదనాన్న