కారు స్లో నిలవట్లేదని రాశావు కదా అమ్మలూ

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. సిగ్నల్ దగ్గర ఆగగానే బండి వణుకుతోంది, ఒక్కోసారి దానంతట అదే ఆగిపోతోంది, సెల్ఫ్ కొడితే మళ్ళీ స్టార్ట్ అవుతోంది, మెకానిక్ ప్లగ్గులు మార్చినా తగ్గలేదు, ఇప్పుడు ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు మార్చాలంటున్నాడు, మార్పించనా మావయ్యా అని అడిగావు. వద్దు. ఇప్పుడే ఏదీ మార్పించకు. ఎందుకు ఆగుతోందో తెలియకుండా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి గానీ జబ్బు పోదు, పైగా కొత్త పార్టు బిగించేటప్పుడు ఇంకో పైపు ఊడిందంటే రెండు జబ్బులవుతాయి.

అన్నిటికంటే ముందు ఒకటి చెప్తాను, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. నడుస్తుండగా ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కిపోతుంది, బ్రేక్ మొదటి ఒకటి రెండు తొక్కులకే మామూలుగా పడుతుంది, ఆ తర్వాత రాయిలా గట్టిపడుతుంది. అందుకని బ్రేక్ మాటిమాటికీ తొక్కి వదలొద్దు, ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకో, హజార్డ్ లైట్లు వెయ్యి, పక్కకి తీసుకో, న్యూట్రల్ చేసి అప్పుడు స్టార్ట్ చెయ్యి. కంగారులో తాళం పూర్తిగా వెనక్కి తిప్పేసి బయటకి లాగావంటే స్టీరింగ్ లాక్ పడుతుంది, అది అసలు చెయ్యకు. ఈ పని తేలేదాకా పెద్ద రోడ్ల మీదకి బండి తియ్యకపోతే నాకు మనశ్శాంతిగా ఉంటుంది.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఒక చిన్న నోట్‌బుక్ కారులో పెట్టుకో. వణికినప్పుడల్లా, ఆగినప్పుడల్లా రాయి. ఇంజన్ చల్లగా ఉందా వేడెక్కిందా, ఏసీ వేసి ఉందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పుతున్నావా, బ్రేక్ మీద కాలుందా, ట్యాంకులో పెట్రోల్ ఎంతుంది, వాన పడిందా. ఇంకోటి చాలా ముఖ్యం, ఎలా ఆగింది. స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగిందా, లేక దగ్గి దగ్గి ఊపిరి అందనట్టు ఆగిందా. ఠక్కున పోతే ఎక్కువసార్లు కరెంటు వైపు తప్పు, కొట్టుకుంటూ పోతే ఎక్కువసార్లు పెట్రోల్ వైపో గాలి వైపో. బండి ఇంకా దొర్లుతూనే ఉండి ఆర్పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయిందంటే నా అనుమానం మొదట ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్ మీదకి, దాని వైరింగ్ మీదకి పోతుంది. నాలుగు రోజులు ఇలా రాస్తే సగం పని అయిపోయినట్టే, నిజంగా చెప్తున్నాను, కారు కంప్యూటర్‌ని చదివే ఏ స్కానరూ చూపించని విషయం ఆ నోట్‌బుక్ చూపిస్తుంది.

ఇంకో మాట, వణుకుతున్నప్పుడు ముల్లు వంక చూడు. వేడి ఇంజన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, మామూలుగా 700 నుంచి 900 మధ్య నిలుస్తుంది. ముల్లు కదలకుండా నిలబడి ఉంది కానీ సీటు, స్టీరింగ్ వణుకుతున్నాయంటే ఇంజన్ తప్పు కాకపోవచ్చు, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు నలిగిపోయి ఉండొచ్చు. ముల్లు పైకీ కిందకీ ఊగుతుంటేనో, మధ్యమధ్యలో కిందకి జారుతుంటేనో అప్పుడు ఇంజన్‌దే.

రేస్ చేస్తే బాగానే ఉంటుంది, కాలు తీస్తేనే గొడవ అని రాశావు చూడు, అదే నాకు పెద్ద ఆధారం. ఎందుకంటే స్లోలో థ్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే రేకు తలుపు, దాదాపు మూసే ఉంటుంది, ఇంజన్ సన్న సందులోంచి కొంచెం గాలే పీలుస్తుంది. 1 వంతు పెట్రోల్‌కి బరువు లెక్కన 14.7 వంతుల గాలి ఉంటే సరిగ్గా మండుతుంది. ఆ కొంచెం గాలిలో, పగిలిన పైపులోంచి లెక్కలోకి రాని గాలి ఇంకాస్త దూరితే లెక్క మొత్తం తప్పుతుంది, ఇంజన్ మిస్ కొడుతుంది. రేస్ చేసినప్పుడు ఎలాగూ చాలా గాలి పోతుంది కాబట్టి ఆ కాస్త దొంగగాలి లెక్కలోకి రాదు. అందుకే పాత బండి స్లో నిలవట్లేదంటే నేను ఇంజెక్టర్ల దాకా పోకుండా ముందు రబ్బరు పైపులు చూస్తాను. రబ్బరు ఏళ్ళ తరబడి వేడిలో ఉండి ఉండి బిస్కెట్‌లా పెళుసెక్కిపోతుంది.

నాకు జరిగింది చెప్తా. నా దగ్గరున్న ఒక పాత పెట్రోల్ బండి అచ్చం నీ బండిలాగే చేసేది. ఒక వర్క్‌షాపులో ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిల్, పెట్రోల్ ఫిల్టర్ మూడూ మార్చారు, అలాగే ఉంది. ఒకరోజు ఇంజన్ ఆన్ చేసి ఫ్యాన్‌కి దూరంగా నిలబడి ఒక్కో పైపూ చేత్తో తడుముకుంటూ పోయాను. ఇంజన్ పైమూత (వాల్వ్ కవర్) నుంచి లోపలి ఆవిర్లని గాలి పీల్చుకునే దారిలోకి, అంటే ఇన్‌టేక్‌లోకి, తీసుకెళ్ళే పీసీవీ పైపు ఉంటుంది, మోచెయ్యిలా వంగి ఉంటుంది. పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడుతోంది, ఏ లోపమూ లేదు. ఆ వంపు కింద వేలు పెట్టేసరికి చర్మాన్ని లోపలికి లాగినట్టు అనిపించింది, అదే క్షణంలో ఇంజన్ శబ్దం మారిపోయింది, వణుకు ఆగి నిమ్మళంగా తిరగడం మొదలుపెట్టింది. వేలు తీస్తే మళ్ళీ వణుకు. పైపు ఊడదీసి వంచి చూస్తే కింది వైపు గోరంత పొడుగు చీలిక, వంచకపోతే మూసుకుపోయి కనిపించదు. అంతే, ఆ ఒక్క పైపు ముక్క. అప్పటినుంచి నేను పైపు పైనుంచి చూసి బాగుంది అనను, వంచి చూస్తాను, కింద తడిమి చూస్తాను.

నువ్వూ అదే చెయ్యి. బయట ఖాళీ స్థలంలో పెట్టుకో, మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్‌లో ఉంచొద్దు, సైలెన్సర్‌లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. చున్నీ తీసెయ్యి, జుట్టు ముడి వేసుకో, గాజులు తీసెయ్యి, బెల్టు వైపు చెయ్యి పోనివ్వకు. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బళ్ళల్లో ఇంజన్ ఆపాక కూడా తిరుగుతుంది. ముందు చెవితో విను, ఎక్కడైనా ఇస్స్ అని సన్నగా వస్తోందేమో. సన్న రబ్బరు గొట్టం ఒకటి తీసుకుని ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర పైపుల దగ్గర తిప్పితే చోటు భలే దొరుకుతుంది. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్‌కి వచ్చే ముడతల గొట్టం ముడతల మధ్య విప్పి చూడు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచు, వాడని పైపు చివర్లకి తొడిగిన చిన్న రబ్బరు టోపీలు కూడా చూడు. అనుమానం ఉన్నచోట సబ్బునీళ్ళు కొంచెం చల్లితే ఇంజన్ శబ్దం మారుతుంది. కొంతమంది కార్బురేటర్ క్లీనర్ కొడతారు, అది భగ్గున అంటుకునే సరుకు, వేడి ఇంజన్ మీద నువ్వు మాత్రం కొట్టకు.

బ్రేక్ తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్, దాని పైపు వేరేగా చూడాలి. స్లోలో ఉన్నప్పుడు బ్రేక్ తొక్కి పట్టుకో. పట్టుకున్నంతసేపూ స్లో పడిపోతూ పెడల్ దగ్గర గాలి శబ్దం వస్తుంటే బూస్టర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రం) పోయింది. ఇది బ్రేక్ విషయం, దీన్ని వాయిదా వెయ్యకూడదు.

పైపులన్నీ బాగుంటే అప్పుడు థ్రాటిల్ బాడీ. గొట్టం తీసి టార్చ్ వేసి చూస్తే ఆ రేకు అంచు చుట్టూ నల్లగా జిడ్డు పేరుకుని ఉంటుంది, స్లోలో గాలి పోవాల్సిన సందు అదే కాబట్టి అది పూడుకుపోతే సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగిపోతుంది, నీ లక్షణానికి ఇదీ సరిపోతుంది. థ్రాటిల్ క్లీనర్ గుడ్డకి కొట్టి తుడవాలి, ఇంజన్ చల్లగా ఉండగా. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే రేకుని వేలితో బలవంతంగా తొయ్యొద్దు, లోపల గేర్లు పాడవుతాయి. పాత బళ్ళల్లో పక్కనే స్లో చూసుకునే ఐఏసీ వాల్వ్ ఉంటుంది, అదీ మసి పట్టేస్తుంది, ఏసీ వేయగానే బండి పడిపోతోందంటే దాన్ని అనుమానించు. శుభ్రం చేశాక కాసేపు స్లో ఎక్కువగా ఉండొచ్చు, కంప్యూటర్ మళ్ళీ నేర్చుకుంటుంది, కొన్ని బళ్ళకి స్కానర్‌తో నేర్పాలి. ఒక్కటి మాత్రం ఎవర్నీ చెయ్యనివ్వకు, థ్రాటిల్ దగ్గర ఉండే స్టాప్ స్క్రూ తిప్పి స్లో పెంచేయడం. రెండ్రోజులు బాగున్నట్టే ఉంటుంది, జబ్బు లోపల అలాగే ఉంటుంది, తర్వాత చూసేవాడికి దారి కూడా దొరకదు.

మిస్సింగ్, అంటే ఇంజన్ తడబడడం, ఒకే లయలో వస్తోందా అని కూడా విను. సైలెన్సర్ వెనక అరచెయ్యి దూరంగా పెట్టి చూస్తే సమంగా రావాల్సిన గాలి ప్రతి చుట్టులో ఒకచోట తప్పిపోతుంటే ఒక సిలిండర్ పని చెయ్యట్లేదు. ఏదో కనుక్కోవడానికి ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి పెట్టాలి, ఏది తీసినప్పుడు ఇంజన్‌లో ఏ తేడా రాదో అదే పని చెయ్యని సిలిండర్. నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్ వైరు మాత్రం పీకకూడదు, అందులో వేల వోల్టులుంటాయి. ప్రతి ప్లగ్గుకీ విడి కాయిల్ ఉంటే ఇంకా తేలిక, ఇంజన్ ఆపి ఆ సిలిండర్ కాయిల్ పక్క సిలిండర్‌కి మార్చి చూడు, జబ్బు కాయిల్‌తోపాటు పక్కకి పోతే కాయిల్‌దే తప్పు. కాయిల్ నుంచి ప్లగ్గులకి వైర్లు వెళ్ళే బండి అయితే రాత్రి చీకట్లో బానెట్ తెరిచి చూడు, ఇన్సులేషన్ పోయిన వైరు మీద నీలంగా మిణుకుమిణుకుమంటూ కరెంటు కారడం కంటికే కనిపిస్తుంది, చెయ్యి పెట్టకుండా చూడు. తీసిన పాత ప్లగ్గులు మెకానిక్ పారెయ్యకపోతే అడిగి తెచ్చుకో. మూతి లేత గోధుమ రంగైతే మంచిదే, పొడి మసి అయితే పెట్రోల్ ఎక్కువ పోతోంది, తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది, తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువైంది. అన్నీ తెల్లగా ఉంటే మళ్ళీ ఆ పైపుల దగ్గరికే వెళ్ళు.

స్కానర్ పెట్టిస్తే కోడ్ ఒక్కటే రాసుకుని రావొద్దు. పి0171 వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సార్ పోయిందని చెప్పేవాళ్ళున్నారు, ఆ కోడ్ చెప్పేది పెట్రోల్ తక్కువ గాలి ఎక్కువ అని మాత్రమే. ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే లెక్క, స్లోలో ఎంత, 2500 ఆర్పీఎం దగ్గర ఎంత, రెండూ చూపించమను. స్లోలో ప్లస్ 15, 20 శాతం దాకా ఉండి రేస్ చేస్తే సున్నా వైపు దిగిందంటే అది దొంగగాలే. స్లోలో బాగానే ఉండి రేస్‌లో పెరిగితే పెట్రోల్ సరిగ్గా అందట్లేదేమో, పంపు, ఫిల్టర్ చూడాలి. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద కూలెంట్ సెన్సార్ ఎంత చూపిస్తోందో కూడా చూడమను, బయట గాలి ఎంత వేడో దాదాపు అంతే చూపించాలి.

బాగా వేడెక్కాకే ఆగి, చల్లారాకే స్టార్ట్ అవుతుంటే దారి వేరు, క్రాంక్ సెన్సార్, కాయిల్, పంపు. ఆగినప్పుడే తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు విను, చాలా బళ్ళల్లో ఒకటి రెండు సెకన్లు పంపు సన్నగా మోగుతుంది. పెట్రోల్ మూత కూడా తిప్పి చూడు, బుస్సుమని గాలి లోపలికి పోయి వెంటనే బండి స్టార్ట్ అయితే ట్యాంకు గాలి దారి మూసుకుపోయిందన్నమాట. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్ల బూజు ఉంటే వేడినీళ్ళతో కడిగించు, ఎర్త్ వైరు బిగువు చూడు, ఇంజన్ ఆన్‌లో మీటరు 13.8 నుంచి 14.5 వోల్టులు చూపించాలి.

ఇవన్నీ అయినా అదే సిలిండర్ మొండికేస్తే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, చూడాల్సిందే, అది గేజ్ ఉన్నవాడి పని. ఇంజెక్టర్ల మాట ఆ తర్వాతే.

ఆదివారం పొద్దున్న బండి చల్లగా ఉండగానే మొదలుపెట్టు. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి వేడెక్కేదాకా ముల్లు, శబ్దం రెండూ కలిసేట్టు ఒక వీడియో తీసి పంపు, నీ నోట్‌బుక్ పేజీ ఫోటో కూడా. ఆ పీసీవీ పైపు మాత్రం వీడియో కంటే ముందే తడిమి చూడు, వంపు కింది వైపు.

మావయ్య