పక్క టేబుల్ అబ్బాయి మాట్లాడటం మానేస్తే ఏం చేయాలి?

రాయగడలో మీరు పనిచేసే షేర్డ్ ఆఫీసులో పక్క టేబుల్ అబ్బాయి కొన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని, భోజనానికి పిలిచినా రావడం లేదని రాశారు. ఒక్కొక్కరిది ఒక్కో కంపెనీ, ఎవరికి చెప్పాలో తెలియట్లేదన్నారు. బరంపురంలో నేను కూర్చునే చోటా ఇంతే. హెచ్‌ఆర్ ఎక్కడో బెంగళూరులో ఉంటారు, హాలు ఓనరుకి అద్దె వస్తే చాలు. కాబట్టి పట్టించుకోవాల్సింది పక్కన కూర్చున్నవాళ్లే.

అందరి ముందు "ఏంటి బాబూ, అలా ఉన్నావు?" అని మాత్రం అడగొద్దు. ఏం లేదండీ అంటాడు, మర్నాటి నుంచి హెడ్‌ఫోన్స్ తీయడు. మా దగ్గర ఒకతను ఇలాగే ఉంటే, టీకని కిందికి తీసుకెళ్లాను. హాల్లో అందరం మాట్లాడేది ఒడియా, కాల్స్‌లో హిందీ, ఇంగ్లీషు. కింద టీ దగ్గర మాత్రం తెలుగులో నిద్ర పడుతోందా, తింటున్నావా అని అడిగి ఊరుకున్నాను. సలహాలివ్వలేదు. తర్వాత అతనే చెప్పాడు: మేనేజరు తిడుతుంటే పదిమంది మధ్యలో కూర్చుని "యస్ సర్" అనాల్సి రావడమే పెద్ద నరకమట. ఓనరుని అడిగి ప్రింటరు గది ఖాళీ చేయించాం, తలుపుకి గడియ పెట్టించాం. ఇప్పుడు కాల్స్ అన్నీ అందులోనే. గోడ మీద 'బీ పాజిటివ్' పోస్టర్లు ఎన్నేళ్లున్నా ఆ గడియంత పని చేయలేదు.

దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే మాత్రం కబుర్లతో సరిపెట్టకండి, డాక్టరుకి చూపించాలి. ముందు మీ జిల్లా ఆసుపత్రిలో కనుక్కోండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. వెళ్లడానికి మొహమాటపడితే మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

అతని కంపెనీకి మీరు మెయిల్ పెట్టకండి. ఉద్యోగం అతనిది, చెప్పాలో వద్దో అతనే తేల్చుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం గుట్టు పనికిరాదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని అనుమానం వస్తే సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏదైనా చేసుకోబోయినా, పోలీసు కేసని భయపడి దాచకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావిస్తారు, శిక్షించరు. ఇంటి పెద్దలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.