వంద డాలర్లలో కోత ఎక్కడ?

ప్రశ్న: నా తెలుగు వెబ్‌సైట్‌కు గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ 100 డాలర్లు పంపింది. బ్యాంకు ఖాతాలో లెక్క కంటే తక్కువ పడింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కోత మూడు చోట్ల పడుతుంది. దారిలోని మధ్యవర్తి బ్యాంకు కొన్ని డాలర్లు పట్టుకోవచ్చు. మీ బ్యాంకు విదేశీ సొమ్ము జమకు రుసుము వేయొచ్చు. అసలు దెబ్బ మారకపు రేటుది: మార్కెట్ కంటే డాలరుకు రూపాయిన్నర తక్కువిస్తే, వందకు రూ.150 పోయినట్టే. ఇది రసీదులో రుసుముగా కనిపించదు! మారకంపై జీఎస్టీ మాత్రం స్వల్పం, రూ.25,000 వరకు రూ.45.

రేటు మీ చేతిలో లేదు కానీ, స్థిర రుసుములను తగ్గించుకోవచ్చు. యాడ్‌సెన్స్ చెల్లింపుల సెట్టింగుల్లో కనీస మొత్తాన్ని 100 నుంచి 400 డాలర్లకు పెంచండి. నాలుగుసార్లు పడే రుసుము ఒకసారే పడుతుంది. చెల్లింపులు 21–26 తేదీల మధ్య వెళ్తాయి కాబట్టి మార్పు 20లోపే చేయాలి.

ఖాతాదారు పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, ఇవ్వండి. తేడా ఉంటే సొమ్ము వెనక్కి పోవచ్చు. విదేశీ సొమ్ము చేరడానికి బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్ మీ శాఖకు లేకపోతే ఏది వాడాలో బ్యాంకునే అడగండి. సొమ్ము ఎందుకు వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్‌ను బ్యాంకు అడిగితే, ప్రకటనలకు పి1007.