హిల్‌షేడ్‌లో కనిపించిన గీతల్ని యాక్టివ్ ఫాల్ట్‌లని రాయొచ్చా?

క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో హిల్‌షేడ్ (నేల ఎత్తుపల్లాలను వెలుగునీడలతో చూపే పటం) వేసి పదిహేను గీతలు గీశాను, ఫీల్డ్‌కి వెళ్లకుండానే వాటిని యాక్టివ్ ఫాల్ట్‌లని (ఈమధ్యకాలంలోనూ కదిలిన నేలచీలికలని) థీసిస్‌లో రాయొచ్చా అని అడిగారు. వద్దండీ. లినియమెంట్లు (నేల మీద కనిపించే గీతలు) అని రాయండి, అంతవరకే.

నేను ఎమ్మెస్సీలో గుజరాత్‌లోని కచ్‌లో, భుజ్‌కి దక్షిణాన ఉన్న కట్రోల్ హిల్ ఫాల్ట్ మీద పనిచేశాను. హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భువన్ సైట్ నుంచి కార్టోడెమ్ అనే నేల ఎత్తుల డేటా దించుకుని, రూమ్‌లో కూర్చుని దర్జాగా పదకొండు గీతలు గీశాను. ఫీల్డ్ నుంచి వచ్చేసరికి నాలుగే మిగిలాయి. పోయినవాటిలో ఒకటి పాత బండ్లబాట! మూడు గట్టి ఇసుకరాయి పొరల అంచులు. కింది మెత్తటి షేల్ (బంకమట్టి గట్టిపడ్డ రాయి) కొట్టుకుపోయి పైరాయి మెట్టులా నిలబడితే, అది అచ్చం ఫాల్ట్ స్కార్ప్‌లాగే (ఫాల్ట్ కదిలి లేచిన గట్టులాగే) కనిపిస్తుంది. బ్రంటన్ కంపాస్‌తో పొరల వాలు కొలిచాకే నాకు తేడా తెలిసింది. మీరు కూడా వెలుగు దిశ మార్చి మార్చి చూడండి. ఒక్క దిశలోనే కనిపించే గీతను నేనైతే నమ్మను.

ఇంకో మెలిక ఉంది. కట్రోల్‌లో దక్షిణాన పాతవైన జురాసిక్ కాలపు రాళ్లు, ఉత్తరాన వాటి తర్వాతి క్రెటేషియస్ కాలపు భుజ్ ఇసుకరాయి. పక్కపక్కనే ఉన్నాయంటే ఎప్పుడో కదిలిందని అర్థం, అంతే. ఈమధ్య కదిలిందనాలంటే కొత్తగా పేరుకున్న లేత మట్టి కూడా తెగి ఉండాలి. దానికోసం గునావరీ నది గట్టు వెంట ఐదు రోజులు తిరిగాం. ఒకచోట తాపీతో గట్టును గీకి శుభ్రం చేస్తే ఒక పక్క నల్లటి షేల్, రెండో పక్క పసుపుపచ్చ మిలియోలైట్ (వయసులో లేతదైన సున్నపు ఇసుకరాయి) బయటపడ్డాయి. మధ్యలో వేలెడు మందాన జిగటమట్టి. దాన్ని ఆనుకుని ఉన్న గులకరాళ్లు పడుకోకుండా నిలువుగా తిరిగి ఉన్నాయి, అంటే లేత రాయి కూడా తెగిందన్నమాట. పలచటి యాసిడ్ చుక్క వేస్తే మిలియోలైట్ బుసబుస పొంగింది, షేల్ ఉలకలేదు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయాం.

గీత లేకపోయినంత మాత్రాన ఫాల్ట్ లేదనీ కాదు. 1819లో అదే కచ్‌లో భూకంపం వచ్చినప్పుడు నేల లేచి అల్లాబండ్ అనే పొడవాటి గట్టు ఏర్పడింది. 2001 జనవరి 26న వచ్చిన భూకంపం అంత విధ్వంసం చేసినా, దానికి కారణమైన ఫాల్ట్ నేల పైదాకా చీలలేదు.

నది టెర్రస్‌ల (పాత ఒడ్డు మెట్ల) ఎత్తు చేతి జీపీఎస్‌తో కొలవకండి. మెట్టు ఉన్నది రెండు మీటర్లు, దాని తప్పు అంతకంటే ఎక్కువ. డిపార్ట్‌మెంట్‌లో డీజీపీఎస్ (ఇంకా కచ్చితంగా కొలిచే జీపీఎస్) లేకపోతే సివిల్ ఇంజనీరింగ్ వాళ్లని లెవెల్ (ఎత్తు తేడాలు కొలిచే పరికరం) అడగండి. డిసెంబర్, జనవరి అయితే నదులు ఎండి ఉంటాయి కాబట్టి గట్లు బాగా కనిపిస్తాయి. కచ్‌కే వెళ్తుంటే మందపాటి బూట్లు కొనుక్కోండి, అక్కడ ఎటు చూసినా సర్కారు తుమ్మే.

మీ ఏరియా ఏదో రాయలేదు. చెప్తే ముందు ఏ వాగు గట్లు చూడాలో ఆలోచిద్దాం.